బైబిలు స్త్రీ నుంచి బిషప్పు దాకా: తెలుగు సంఘాల్లో స్త్రీల పరిచర్య

తెలుగు నాట ప్రొటెస్టంటు క్రైస్తవ సంఘాలలో స్త్రీలు మొదటి తరం నుంచే నాయకత్వపు భారం మోశారు. ఆ భారానికి తగిన హోదా వారికి నూరేళ్లు దాటాక గానీ దక్కలేదు. ఈ ఎడం ఎందుకు ఏర్పడిందో తెలియాలంటే ముందుగా ‘అభిషేకం’ అన్న మాటకు అర్థం తెలియాలి. బాప్తిస్మమివ్వడానికీ, వాడుకలో ‘బల్ల’ అని పిలిచే ప్రభురాత్రి భోజన సంస్కారాన్ని జరిపించడానికీ ఒక వ్యక్తిని ప్రార్థనతో, తలపై చేతులుంచి ప్రత్యేకించే క్రియను అభిషేకం అంటారు. అది లేనివారు వాక్యం బోధించవచ్చు, ప్రార్థన నడిపించవచ్చు, బడి నిర్వహించవచ్చు. బల్ల జరిపించే అధికారం మాత్రం సాధారణంగా వారికి ఉండదు. స్త్రీల సేవ చాలాకాలం ఈ గీతకు ఇవతలే నిలిచిపోయింది.

1836లో భారతదేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ తొలి దశాబ్దాలలో కొద్దిమంది విశ్వాసులతోనే నెట్టుకొచ్చింది. ఫలితం లేదన్న కారణంతో 1853లో దాన్ని మూసివేసే ప్రతిపాదన అమెరికాలో చర్చకు వచ్చినా, చివరికి కొనసాగించాలనే తీర్మానించారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులోని ఒక కొండపైకి ఐదుగురు ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు ఆ ఐదుగురు. తర్వాతి కాలంలో ‘ప్రార్థన కొండ’గా పేరుపడి, తెలుగు బాప్టిస్టులకు పుణ్యస్మృతిగా నిలిచిన ఆ ఘట్టంలో ముగ్గురు స్త్రీలే కావడం విశేషం.

1866లో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాక, మాదిగ పల్లెల నుంచి ప్రజలు గుంపులుగా సంఘంలో చేరడం మొదలైంది. 1876–78 నాటి మహాక్షామం తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆనాడు నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిన బోధకులందరూ పురుషులే. అయితే బాప్తిస్మం ఒక పూటలో ముగిసే కార్యం. అలా చేరిన వేల కుటుంబాలలోని స్త్రీలకు కీర్తనలు నేర్పడం, ప్రార్థించడం అలవాటు చేయడం, అక్షరాలు దిద్దించడం ఏళ్ల తరబడి సాగవలసిన పని. ఆ పని చాలావరకు ‘బైబిలు స్త్రీ’ భుజాన పడింది.

ఈ పేరు లండనులో పుట్టింది. 1857లో ఎలెన్ రాన్యార్డు అక్కడి పేదపేటలలోని ఇళ్లకు వెళ్లి బైబిలు చదివి వినిపించడానికి అదే పేటల స్త్రీలను నియమించగా, ఆ పద్ధతి త్వరలోనే భారతదేశపు మిషన్లకు పాకింది. ఇక్కడ దానికి మరో కారణం తోడైంది. ఘోషా పాటించే ఇళ్లలోకి, అగ్రవర్ణాల లోగిళ్లలోకి పురుష బోధకుడికి ప్రవేశం లేదు కనుక, ఆ గుమ్మాలు దాటడానికి స్త్రీయే కావలసివచ్చింది. దీనికి డబ్బు సమకూర్చిందీ చాలావరకు స్త్రీలే. 1871లో అమెరికాలోని బాప్టిస్టు స్త్రీలు, 1879లో లూథరన్ స్త్రీలు సొంత మిషనరీ సమాజాలు స్థాపించుకున్నారు. 1883లో గుంటూరు వచ్చి, అక్కడి స్త్రీలకు వైద్యాలయం కట్టించిన డాక్టర్ అన్నా కుగ్లర్ అలాంటి సమాజం పంపినవారే.

బైబిలు స్త్రీలలో వితంతువులు, బోధకుల భార్యలు ఎక్కువ. నెలకు కొద్దిపాటి జీతం తీసుకుంటూ, ‘దొరసాని’ అని పిలిచే మిషనరీ మహిళ పర్యవేక్షణలో వారు పల్లెపల్లెకూ నడిచారు. మాల, మాదిగ కులాలలో పుట్టిన స్త్రీ చేత పుస్తకం పట్టుకొని పై కులాల వారికి చదివి చెప్పడం ఆనాటి గ్రామ వ్యవస్థలో ఊహకందని సంగతి. ఆమె అరుగు కిందనే నిలబడవలసి వచ్చినచోట కూడా, చదువుతున్నది ఆమె, వింటున్నది ఆ ఇంటివారు. గురువు స్థానం అదే అయినా, సంఘం ఆమెను సహాయకురాలిగానే లెక్కవేసింది.

స్త్రీలకు అభిషేకం కూడదన్నవారు సంఘాల్లో స్త్రీలు మౌనంగా ఉండాలని కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికను ఆధారం చేసుకున్నారు. కూడునన్నవారు అదే పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయాన్ని చూపించారు. అందులో కెంక్రేయ సంఘానికి చెందిన ఫీబేకు వాడిన గ్రీకు మాట, ఇతరచోట్ల పురుషులైన సంఘ సేవకులకు వాడినదే. తెలుగు బైబిలు ఆమెను ‘పరిచారకురాలు’ అంటుంది. ఆ మాట తెలుగు చెవికి హోదాగా కంటే ఊడిగంగా వినిపించడం వల్ల ఫీబే స్థాయి సామాన్య పాఠకులకు అందలేదనుకోవచ్చు.

ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్య దోర్నకల్ మేత్రాసనంలో, అంటే ఒక బిషప్పు ఏలుబడిలోని ప్రాంతంలో, గ్రామ ఉపదేశకుల భార్యల శిక్షణకు ప్రాముఖ్యమిచ్చారు. అక్కడ డీకనెస్‌గా, అనగా సేవకై ప్రత్యేకించిన స్త్రీగా, పనిచేసిన కరోల్ గ్రాహం 1952లో దక్షిణ ఇండియా సంఘపు సోదరీమణుల సమాజానికి నాయకురాలయ్యారు. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రెగేషనల్ సంప్రదాయాలు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన ఐక్య సంఘమే దక్షిణ ఇండియా సంఘం. సోదరీమణుల సమాజం స్త్రీల పరిచర్యకు గౌరవం తెచ్చినా, బల్ల దగ్గరి గీత చెరగలేదు. ఆ గీతను ఈ సంఘం 1976లో దాటి, స్త్రీలను గురువులుగా, అంటే బల్ల జరిపించే అధికారం గల పాస్టర్లుగా, అభిషేకించడం ప్రారంభించింది.

ఈ కథ నంద్యాలలో పరాకాష్ఠకు చేరడం గమనార్హం. తమ ఆంగ్లికన్ సంప్రదాయం పలచబడుతుందన్న ఆందోళనతో నంద్యాల ప్రాంతపు విశ్వాసులు అనేకులు 1947లో ఐక్య సంఘానికి దూరంగా ఉండి, 1975లో గానీ అందులో కలవలేదు. అదే నంద్యాల మేత్రాసనానికి 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా అభిషిక్తులయ్యారు. కర్నూలు జిల్లా దిగువపాడులో పుట్టి, 1984లో గురువైన ఆమె దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్పు. నంద్యాలకు ఒకప్పుడు మిషనరీలను పంపిన ఇంగ్లండు సంఘంలో మొదటి మహిళా బిషప్పు అభిషేకం 2015 జనవరిలో జరిగింది. ఈ విషయంలో తల్లి సంఘం కంటే తెలుగు నేలే ముందు నడిచింది.

అయినా భాష ఇంకా వెనుకబడే ఉంది. తెలుగు సంఘాలలో ‘అయ్యగారు’ అంటే గురువు. ‘పాస్టరమ్మ’ అంటే సాధారణంగా గురువు భార్య. ఆ పాస్టరమ్మ స్త్రీల కూడికలు నడిపి, రోగుల ఇళ్లకు వెళ్లి, పిల్లలకు ఆదివారపు బడి చెప్పినా, ఆ మాట ఆమెను భర్త హోదాతోనే గుర్తిస్తుంది. అభిషేకం పొందిన స్త్రీని అదే పేరుతో పిలిచినప్పుడు, ఆమె స్వయంగా సంపాదించుకున్న పదవి ఆ పిలుపులో కనిపించదు. జూలియా, రూతు కొండ ఎక్కిన నాటి నుంచి పుష్పలలిత బిషప్పు దండం చేపట్టిన నాటి వరకు గడిచిన 159 ఏళ్లలో, స్త్రీల సేవ లేనిదే తెలుగు సంఘం నిలిచిన కాలమంటూ లేదు. ఆ సేవ చేసినవారిని వారి సొంత పదవితో పిలవడం నేర్చుకున్ననాడే ఆ చరిత్రకు సంఘం న్యాయం చేసినట్లవుతుంది.