గోడ నుంచి చెత్త నేల దాకా: లూయిస్ బాల్ట్జ్ ఫొటో పుస్తకాల్లో వరస

అమెరికన్ ఫొటోగ్రాఫర్ లూయిస్ బాల్ట్జ్ (1945–2014) ప్రస్తావన వస్తే విమర్శకులు ముందుగా చెప్పేది ‘న్యూ టోపోగ్రాఫిక్స్’ గురించి. 1975లో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్‌లో విలియం జెంకిన్స్ ఏర్పాటు చేసిన ఆ ప్రదర్శన చరిత్రలో ముఖ్యమైనదే. అయినా బాల్ట్జ్ అసలు కృషి పుస్తకాల్లో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన. ఎవరూ ఆగి చూడని స్థలాన్ని చూపించడానికి ఒక్క ఫొటో చాలదు, వరస కావాలి. ఆ వరసను పాఠకుడు తప్పించుకోలేని చోటు పుస్తకమే.

1974 నాటి ‘ది న్యూ ఇండస్ట్రియల్ పార్క్స్ నియర్ ఇర్వైన్, కాలిఫోర్నియా’లో 51 నలుపు తెలుపు చిత్రాలున్నాయి. ఒకప్పటి పెద్ద పశుక్షేత్రం మీద ప్రణాళిక ప్రకారం లేచిన ఊరు ఇర్వైన్; బాల్ట్జ్ పుట్టిన న్యూపోర్ట్ బీచ్‌కు ఆనుకునే ఉంటుంది. అక్కడి పారిశ్రామిక భవనాల ముందు ఆయన కెమెరా నిలిపాడు. గోడ, మూసిన తలుపు, నీడ, కొత్తగా నాటిన మొక్క కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. శీర్షికలు మాత్రం ఏ దిక్కు గోడో, ఏ కంపెనీదో, ఏ వీధిలో ఎన్నో నంబరో సర్వే రికార్డు అంత ఖచ్చితంగా చెబుతాయి. ఇన్ని వివరాలిచ్చినా లోపల ఏం తయారవుతోందో తెలియదు. మేజోళ్ళో మారణాయుధాలో చెప్పలేమని బాల్ట్జ్ స్వయంగా అన్నాడు. ఒక చిత్రాన్ని విడిగా చూస్తే మినిమలిస్టు శిల్పంలా ఉందని మెచ్చుకుని ఊరుకోవచ్చు. పదో గోడ, ఇరవయ్యో గోడ దాటాక ఆ నునుపు మీదే అనుమానం పుడుతుంది.

‘పార్క్ సిటీ’ (1980)లో చిత్రాలు సరిగ్గా రెట్టింపు, 102. నా అంచనాలో ఆయన పుస్తకాలన్నిటిలో ఇదే గొప్పది. యూటాలోని పార్క్ సిటీ వెండి గనుల ఊరు. గనుల పని క్షీణించాక మంచు క్రీడల విడిదిగా మారింది. గనుల వ్యర్థాలు పేరుకున్న నేల మీద కూడా ఇళ్ళు లేచాయి. పుస్తకం దూరపు కొండలతో, లోయతో మొదలై, చదును చేసిన ప్లాట్ల మీదుగా కొయ్య చట్రాల దగ్గరికొచ్చి, చివరికి సగం కట్టిన గదుల్లోకి చేరుతుంది. స్థలం కొనడానికి వచ్చినవాడు నడిచే దారి ఇదే అని నాకనిపిస్తుంది. బ్రోషరు వాగ్దానం చేసే కొండ దృశ్యం మొదట్లోనే అయిపోతుంది. మిగిలేవి గోడ పలకల ముక్కలు, బయటికి వేలాడే వైర్లు, నేల మీది చెత్త. ఈ క్రమం మార్చితే పుస్తకం వాదన కూలిపోతుంది. బాల్ట్జ్ చిత్రాల్లో చల్లదనం తప్ప ఏమీ లేదన్నవాళ్ళు ఈ క్రమాన్ని పట్టించుకోలేదు.

‘శాన్ క్వెంటిన్ పాయింట్’ (1986)లో 58 చిత్రాలు. పేరుమోసిన జైలు దగ్గర, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున ఉన్న బీడు అది. ఇక్కడ కెమెరా నేలకు వంగింది. ప్లాస్టిక్, గాజు పెంకులు, మట్టి, ఎండుగడ్డి. ‘క్యాండిల్‌స్టిక్ పాయింట్’ (1989)లోని 84 చిత్రాలు శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పట్లో ఉన్న స్టేడియం పక్కన చెత్తాచెదారం పోసిన ఒడ్డువి. ఇర్వైన్‌లో కొత్తగా లేచిన గోడ, పార్క్ సిటీలో సగంలో ఉన్న కట్టడం, ఇక్కడ పారేసిన అవశేషం: ఒకే అభివృద్ధి కథను ఆయన చివరి నుంచి వెనక్కి కాకుండా, మెరుపు నుంచి శిథిలం వైపు రాసుకుంటూ వెళ్ళాడు.

1980ల చివర్లో బాల్ట్జ్ యూరప్‌కు వెళ్ళాడు. తర్వాతి పని పరిశోధనశాలల గురించి, నిఘా గురించి. రంగుల్లో, కొన్నిసార్లు గోడంత పరిమాణంలో. ‘రోండ్ ద నుయ్’ (1992) అలాంటిది. ఈ మార్పును పతనంగా చూసేవారితో నేను ఏకీభవించను. రియల్ ఎస్టేట్ నేల మీద జాడ వదులుతుంది గనక పేజీ పేజీగా ఆ జాడ పట్టుకోవచ్చు. నిఘా కెమెరా, కంప్యూటర్ గది నేల మీద అలాంటి జాడేమీ వదలవు. పద్ధతి మార్చడం ఆయనకు తప్పనిసరి అయింది.