వాట్సన్ హోటలు: బొంబాయిలో ఒక ఇనుప మేడ

బొంబాయి కాలా ఘోడా ప్రాంతంలో ఎస్ప్లనేడ్ మాన్షన్‌గా పేరుపడిన కట్టడం తొలుత వాట్సన్ హోటలు. ఈ పేరెత్తగానే, జంషెడ్జీ టాటాను ఇక్కడ లోపలికి రానివ్వలేదనీ, ఆ అవమానంతోనే ఆయన తాజ్‌మహల్ హోటలు కట్టించాడనీ చెప్తారు. ఈ కథను పలువురు చరిత్రకారులు శంకించారు. కథ ఎలా ఉన్నా, భవనం విలువ దానిపై ఆధారపడి లేదు.

జాన్ వాట్సన్ బట్టల వర్తకుడు. 1860లలో కోటగోడలు పడగొట్టినప్పుడు ఖాళీ అయిన స్థలాల్లో ఒకటి ఆయన కొన్నాడు. నమూనా గీసిన రోలాండ్ మేసన్ ఆర్డిష్, లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషను కప్పు నిర్మాణంలో పాలుపంచుకున్న ఇంజనీరు. స్తంభాలూ దూలాలూ ఇంగ్లండులో పోతపోయించి, ఓడలమీద తెప్పించి, 1867-69 మధ్య ఇక్కడ బిగించారు. 1871లో హోటలు తెరిచారు. మన పాత మేడల్లో బరువు మోసేది గోడ. ఇక్కడ మోసేది ఇనుప చట్రం, ఇటుక కేవలం పూరకం. తర్వాతి కాలపు ఆకాశహర్మ్యాలకు ఆధారమైన సూత్రం ఇదే.

1896 మొదట్లో మార్క్ ట్వేన్ ఇక్కడ బసచేశాడు. అదే ఏడు జులై 7న లూమియేర్ సోదరుల ఆరు చిట్టి చిత్రాలు ఈ హోటల్లోనే చూపారు. పారిస్‌లో డబ్బు తీసుకుని తొలి ప్రదర్శన జరిపి అప్పటికి ఆరునెలలు దాటిందంతే! మన దేశానికి సినిమా వచ్చింది ఆ గదిలోకే. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' చిత్రీకరణ జరిగిందీ, 1932 ఫిబ్రవరి 6న విడుదలైందీ ఈ నగరంలోనే. కనుక మహారాష్ట్రలోని మన విద్యార్థులు దీన్ని పరాయి చరిత్రగా భావించనక్కరలేదు. నైజాం రాష్ట్రపు తెలుగు ప్రాంతాలనుంచి కూలిపనికి వలస వచ్చిన కామాఠీల పేరు కామాఠీపురాకు ఇప్పటికీ నిలిచే ఉంది.

1903లో తాజ్ వచ్చాక వాట్సన్ వెలుగు తగ్గింది. హోటలు మూతపడి, గదులు చీలి, ఇళ్లూ వకీళ్ల ఆఫీసులూ అయినాయి. 2005లో బాల్కనీ కొంత కూలి ఒకరు మరణించారు. ప్రపంచ స్మారకాల నిధి దీన్ని 2006 ఆపద జాబితాలో చేర్చింది. 2019లో ఐఐటీ బొంబాయి నివేదిక కూల్చివేత వైపు మొగ్గగా, హైకోర్టు భవనం ఖాళీ చేయించింది. పరిరక్షణ నిపుణులు అభ్యంతరం చెప్పారు.

ప్రాణభయం ఉన్నచోట మనుషులను తరలించడం న్యాయమే. కాని ముక్కలుగా తెచ్చి బిగించిన కట్టడాన్ని, ముక్కముక్కగానే బాగుచేసే వీలును పూర్తిగా పరిశీలించకుండా నేలకూల్చడం తొందరపాటని మేము భావిస్తున్నాము.