భుజాలు తడిమే యంత్రం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మన సామెత. ఈ సామెత పుట్టించిన మహానుభావుడెవరో గానీ, అబద్ధాలు పట్టే యంత్రాన్ని కనిపెట్టిన ఘనత అతగాడికే దక్కాలని నా అభిప్రాయం. లై డిటెక్టర్ అని జనం, పాలీగ్రాఫ్ అని శాస్త్రజ్ఞులు పిలిచే ఆ యంత్రం చేసే పనల్లా అదే. ఎదుటివాణ్ణి ప్రశ్న అడిగి, చెయ్యి భుజం మీదికి వెళ్ళిందా లేదా అని చూస్తారు. కాకపోతే భుజానికి బదులు రక్తపు పోటూ, నాడీ, ఊపిరీ, వేళ్ళకి పట్టే చెమటా చూస్తారు, అంతే తేడా.

అబద్ధాన్ని ఒళ్ళే పట్టిస్తుందన్న నమ్మకం నిన్నా మొన్నటిది కాదు. మన ధర్మశాస్త్రాల్లో దివ్యపరీక్షలున్నాయి. యాజ్ఞవల్క్యుడు తుల, అగ్ని, జలం, విషం, కోశం అని అయిదు చెప్పాడు. నారదస్మృతి తండులాన్ని కూడా చేర్చింది. తండులమంటే మరేం లేదు, బియ్యమే. దొంగతనం అంటగట్టినవాడిచేత బియ్యం నమిలించి ఉమ్మించేవారు. నెత్తురు కనిపించినా, ఒళ్ళు వణికినా దోషి కిందే లెక్క. భయపడితే నోరెండిపోతుందని మనందరికీ తెలుసు. ఎండిన నోట పచ్చిబియ్యం వేస్తే చిగుళ్ళు గీసుకుపోక ఏమవుతాయి? బాగానే ఉంది. కానీ ఆ నోరెండింది దొంగతనం చేసినందుకా, దొంగ అన్నారని హడలిపోయినందుకా? వందేళ్ళుగా యంత్రం చుట్టూ జరుగుతున్న తగాదా అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ఇక యంత్రం కథకొద్దాం. 1921లో అమెరికాలోని బర్కిలీ పట్నంలో జాన్ లార్సన్ అనే పోలీసు ఉండేవాడు. శరీరధర్మ శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న పోలీసాయన! రక్తపు పోటునీ, ఊపిరినీ ఒకేసారి మసిపూసిన కాగితం మీద గీసే యంత్రం తయారుచేశాడు. కాలేజీ అమ్మాయిల వసతి గృహంలో దొంగతనాలు జరిగితే, వాళ్ళనే వరసగా కూర్చోబెట్టి పరీక్షించాడు. ఒకమ్మాయి దగ్గర గీత ఎగిరిపడింది. ఆ తరవాత ఆమె నేరం ఒప్పుకుంది. పరీక్షకి కూర్చున్నవాళ్ళలోనే మరొకామెని లార్సన్ పెళ్ళి కూడా చేసుకున్నాడు. యంత్రాన్ని మాత్రం ఇంటికి తీసుకుపోలేదనే ఆశిద్దాం.

అంతకు కొన్నేళ్ళ ముందే హార్వర్డులో విలియం మార్‌స్టన్ అనే యువకుడు రక్తపు పోటు చూసి అబద్ధం చెప్పెయ్యవచ్చన్నాడు. ఒక డాక్టరుని చంపాడని వాషింగ్టన్‌లో జేమ్స్ ఫ్రై అనే నల్లజాతి యువకుణ్ణి పట్టుకున్నారు. అతను ముందు నేరం ఒప్పుకుని, తరవాత కాదన్నాడు. మార్‌స్టన్ పరీక్షించి, ఇతను నిజమే చెబుతున్నాడన్నాడు. ఈ పద్ధతికి శాస్త్రజ్ఞులలో తగిన ఆమోదం లేదంటూ 1923లో అప్పీలు కోర్టు ఆ మాటను తోసిపుచ్చింది. ఫ్రై జైల్లోనే ఉండిపోయాడు. మార్‌స్టన్ మాత్రం ఊరుకోలేదు. 1941లో వండర్ ఉమన్ అనే బొమ్మల కథల నాయికని సృష్టించాడు. ఆవిడ బంగారు తాడుతో కట్టేస్తే ఎవరైనా సరే నిజం కక్కవలసిందే. కోర్టు కాదన్న యంత్రానికి పిల్లల పుస్తకంలో చోటు దొరికిందన్నమాట.

మరి లార్సనో? తను నిర్మించినది ఫ్రాంకెన్‌స్టైన్ భూతమైపోయిందనీ, దానితో నలభై ఏళ్ళుగా పోరాడుతున్నాననీ ముసలితనంలో వాపోయాడు. మనమైతే భస్మాసురుడనే వాళ్ళం.

అతని బాధ ఊరికే కాదు. ఓహైయో రాష్ట్రంలో ఒకతను హత్య కేసులో ఇరుక్కున్నాడు. తప్పు చెయ్యలేదు గనక, పరీక్ష ఫలితాన్ని కోర్టులో పెట్టడానికి ధైర్యంగా ఒప్పుకున్నాడు. యంత్రం కాస్తా అతను అబద్ధమాడుతున్నాడంది! 1978లో శిక్షపడింది. అసలు హంతకులు బయటపడ్డాక 1980లో వదిలారు. ఈలోగా అతను జైల్లో చేసిన పని వినండి. మేము నేరం చేశామని తనతో ఒప్పుకున్న 27 మంది ఖైదీలకు యంత్రాన్ని బోల్తా కొట్టించే కిటుకులు నేర్పాడు. వాళ్ళలో 23 మంది పరీక్ష నెగ్గారు. నిజం చెప్పినవాడు ఓడిపోయాడు, దొంగలు నెగ్గారు.

ఆల్డ్రిచ్ ఏమ్స్ సంగతి మరీ విడ్డూరం. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ.లో ఉద్యోగం చేస్తూ 1985 నుంచి సోవియట్లకు రహస్యాలు అమ్మాడు. అతనందించిన పేర్లవల్ల ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1986లోనూ, 1991లోనూ యంత్రం ముందు కూర్చుని రెండుసార్లూ నెగ్గాడు. 1994లో గానీ దొరకలేదు. పరీక్షకు ముందు సోవియట్లు అతనికి బోధించిన మంత్రమేమిటంటారా? రాత్రి హాయిగా నిద్రపో, పరీక్షించే వాడితో నవ్వుతూ మాట్లాడు, అంతే!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. యంత్రం ఒట్టి బూటకం కాదు. 2003లో అమెరికా జాతీయ శాస్త్ర పరిషత్తు సంఘం పాత పరిశోధనలన్నీ తిరగేసి, ఫలానా సంఘటన గురించి అడిగినప్పుడు బొమ్మా బొరుసూ వేసి చెప్పేదానికన్నా యంత్రం చాలా మెరుగేనంది. అయితే నమ్మదగినంత మాత్రం కాదంది. వాళ్ళు వేసిన లెక్క చూడండి. పదివేల మంది ఉద్యోగుల్లో పదిమంది గూఢచారులున్నారనుకుందాం. వాళ్ళలో ఎనిమిది మందిని పట్టేలా యంత్రాన్ని బిగిస్తే, ఆ ఎనిమిది మందితో పాటు దాదాపు 1,600 మంది అమాయకులు కూడా దోషులుగా తేలుతారు. పోనీ కాస్త వదులు చేస్తే, గూఢచారుల్లోనే ఎనిమిది మంది తప్పించుకుపోతారు.

ఆ పదహారు వందల మందిలో నేనుంటానని నాకు గట్టి నమ్మకం. టికెట్టు జేబులో భద్రంగా ఉన్నా సరే, పెట్టెలోకి టి.సి. వచ్చాడంటే నా గుండె దడదడలాడుతుంది. పిరికితనం నేరమైతే నాకు యావజ్జీవమే!

మన సుప్రీంకోర్టు నాబోటి వాళ్ళని కరుణించింది. 2010 మే 5న సెల్వి కేసులో తీర్పు చెబుతూ, ఇష్టం లేనివారికి ఈ పరీక్ష చెయ్యరాదంది. తనకు వ్యతిరేకంగా తననే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదన్నది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఒప్పుకుని కూర్చున్నా, ఆ ఫలితం తనంతట తాను సాక్ష్యం కాదు. దాని ఆధారంగా బయట ఏదైనా వస్తువు దొరికితే, అప్పుడది చట్టప్రకారం సాక్ష్యం కావచ్చు.

సామెతలో కిటుకు కూడా అదే. దొంగ భుజాలెందుకు తడుముకున్నాడు? బూడిద గుమ్మడికాయ మోస్తే తెల్లటి బూడిద భుజానికి అంటుకుంటుంది గనక. అంటే సాక్ష్యం బూడిదే గాని, తడుముకోవడం కాదు. తడుముకునేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు. వాళ్ళ చేతులు పట్టుకోబోయే ముందు, భుజాన బూడిదుందో లేదో ఓసారి చూడమనే నా మనవి.