థైమస్ భయము – ఎక్స్-రే వైద్యము

ఆరోగ్యముగ నున్న పసిబిడ్డ అకస్మాత్తుగ మరణించినప్పుడు కారణము చెప్పవలసిన భారము వైద్యునిపై పడును. 19వ శతాబ్ది చివర ఐరోపా వైద్యులు దీనికొక కారణమును చూపిరి. అట్టి శిశువుల శవపరీక్షలలో రొమ్ముటెముక వెనుక నుండు థైమస్ గ్రంథి పెద్దదిగ కనబడెను. అది ఊపిరిగొట్టము నదిమి ప్రాణము తీయుచున్నదని కొందఱును, బిడ్డ దేహతత్త్వమే దుర్బలమని కొందఱును తలచిరి. 1889లో పాల్టాఫ్ అను ఆస్ట్రియా వైద్యుడు రెండవ వాదమును ప్రతిపాదించెను.

పెద్దది అనుటకు కొలత యేది? శరీరశాస్త్రజ్ఞులకు కోతకు దొరికిన శవములు చాలవఱకు నిరుపేదలవి. దీర్ఘరోగములచేతను, ఆకలిచేతను కృశించినవి. అట్టి బాధలకు థైమస్ త్వరగా కుంచించుకొనిపోవును. ఆ కుంచించిన గ్రంథియే ప్రమాణమై, హఠాత్తుగ మరణించిన బిడ్డ యొక్క సహజమైన గ్రంథి రోగముగ లెక్కింపబడెను. ఈ చరిత్రయంతటిలో నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచినది ఇదియే.

1907లో అమెరికాలోని సిన్సినాటి వైద్యుడు ఫ్రీడ్‌లాండర్ ఎక్స్-రే కిరణములతో ఈ గ్రంథిని కుదించి బిడ్డను బాగుచేసినట్లు ప్రకటించెను. గ్రంథి కుదియుట నిజమే, రోగమే లేదు. 1931లో బ్రిటనులో ఇందుకై ఏర్పడిన పరిశోధక సంఘము అట్టి రోగమున్నదనుటకు ఆధారము లేదని తేల్చినను, అమెరికాలో ఈ చికిత్స 1950 తరువాత గూడ కొంతకాలము సాగెను. టాన్సిల్స్ వాపునకు, తలలోని తామరకు, మొటిమలకు గూడ కిరణములే పెట్టిరి.

1950లో న్యూయార్కు వైద్యులు డఫీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనువారు అవటు గ్రంథి, అనగా థైరాయిడ్, క్యాన్సరు సోకిన 28 మంది పిల్లల పూర్వవృత్తాంతము విచారించిరి. సుమారు మూడవవంతు మంది శైశవమున థైమస్‌నకు కిరణచికిత్స పొందినవారే! శిశుదేహము చిన్నది, మెడలోని అవటు గ్రంథి థైమస్‌నకు మిక్కిలి సమీపమున నుండును, పెరుగుచున్న కణములకు కిరణముల హాని అధికము.

చికాగోలోని మైకేల్ రీస్ వైద్యశాలవారు 1974 ప్రాంతమున పాత చీటీలు వెదకి, బాల్యమున టాన్సిల్స్‌కు కిరణములు పెట్టించుకొనినవారిని పిలిపింపసాగిరి. 1976లో ప్రకటితమైన పరీక్షలలో 1,056 మందిని చూడగా, శస్త్రచికిత్స జరిగిన 182 మందిలో 60 మందికి క్యాన్సరు తేలెను. తక్కినవారిలో పెక్కుమందివి క్యాన్సరు కాని గడ్డలు. అవటు గ్రంథిని అంటియుండు పారాథైరాయిడ్ గ్రంథుల వికారము మఱింత ఆలస్యముగ, ముప్పది నలువది ఏండ్లకు గాని బయటపడదు. రక్తమున కాల్షియము హెచ్చి, మూత్రపిండములలో రాళ్లేర్పడును, ఎముకలు పలుచబడును.

శిశువుగ కిరణములు పొందినవానికి ఆ సంగతి గుర్తుండదు. చీటీలు పోయినచోట, వైద్యుడడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పగల తల్లి అప్పటికి బ్రదికియుండుట అరుదు.