ఫిర్యాదు అందేలోపు: పొట్టి వీడియోల ఫీడ్‌లో మోడరేషన్ చరిత్ర

సామాజిక మాధ్యమాల్లో జనం పెట్టే రాతలను, బొమ్మలను, వీడియోలను పరిశీలించి, ఉంచదగినవి ఏవో తీసివేయవలసినవి ఏవో తేల్చే పనిని కంటెంట్ మోడరేషన్ అని, ఆ పని చేసేవారిని మోడరేటర్లని అంటారు. పొట్టి వీడియోల విషయంలో ఈ పని పదేపదే విఫలమైనప్పుడు నింద సిబ్బంది అలసత్వం మీదనో, యంత్రాల అసమర్థత మీదనో పడుతూ వచ్చింది. అయితే ఈ వృత్తి పుట్టుపూర్వోత్తరాలను పరిశీలిస్తే లోపం అంతకన్నా లోతుగా, దాన్ని నడిపించే నియమాల పునాదిలోనే కనిపిస్తుంది.

ఆ పునాది పేరు ఫిర్యాదు. ప్రాడిజీ అనే ఆన్‌లైన్ సేవాసంస్థ తన చర్చావేదికల్లో కొన్ని రాతలను తొలగిస్తూ ఉండేది కనుక, మిగిలిన రాతలన్నిటికీ ప్రచురణకర్తలాగే బాధ్యత వహించాలని 1995లో న్యూయార్క్ కోర్టు ఒకటి తీర్పు చెప్పింది. ఆ తర్కాన్ని తోసిపుచ్చడానికి అమెరికా కాంగ్రెస్ 1996లో సెక్షన్ 230ని తెచ్చి, ఇతరులు పెట్టినదానికి వేదికను ప్రచురణకర్తగా చూడరాదని శాసించింది. భారతదేశంలో 2000 నాటి ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తి సంస్థలకు, అంటే ఇతరుల సమాచారాన్ని చేరవేసే సంస్థలకు, కొంత రక్షణ ఇచ్చింది. బాజీ డాట్ కామ్ అనే క్రయవిక్రయాల వెబ్‌సైటులో ఒక వాడుకరి అశ్లీల వీడియోను అమ్మకానికి పెట్టిన కేసులో ఆ సంస్థ అధిపతిని 2004 డిసెంబరులో అరెస్టు చేయడం పెద్ద చర్చకు దారితీయగా, 2008 నాటి సవరణ ఆ రక్షణను విస్తరించింది. చట్టవిరుద్ధమైనది తన వద్ద ఉందని సంస్థకు ‘తెలియడం’ అంటే కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటీసో అందడమేనని శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. పౌరుల వాక్స్వాతంత్య్రానికి ఈ తీర్పు చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఈ చట్టాల వెనుక ఉన్న ఊహ ఒకటే: అభ్యంతరకరమైనది ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది, ఎవరో దాన్ని వెతుక్కుంటూ వెళ్లి చూస్తారు, చూసినవారు ఫిర్యాదు చేస్తారు, ఆ తరువాత సంస్థ కదులుతుంది.

పొట్టి వీడియోల ఫీడ్ ఈ ఊహను తలకిందులు చేసింది. 2014లో షాంఘైలో మొదలైన మ్యూజికల్.లీ అనే పొట్టి వీడియోల యాప్‌ను బైట్‌డాన్స్ సంస్థ 2017 నవంబరులో కొని, 2018 ఆగస్టులో తన టిక్‌టాక్‌లో కలిపివేసింది. ఫీడ్ అంటే తెర జరిపినకొద్దీ ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే వీడియోల వరుస. అంతకుముందు వేదికల్లో వాడుకరి తాను అనుసరించేవారు పెట్టినదాన్నో, తాను వెతికినదాన్నో ప్రధానంగా చూసేవాడు. టిక్‌టాక్ ‘ఫర్ యూ’ పేజీలో మాత్రం ముక్కూమొహం తెలియని వ్యక్తి వీడియోను సంస్థ కంప్యూటర్లే ఏరి ముందుకు తెస్తాయి. చూసినవారు ఎంతసేపు చూశారు, చివరిదాకా చూశారా, ఇతరులకు పంపారా అన్నవి లెక్కించి దాన్ని ఇంకెందరికి చూపాలో నిర్ణయిస్తాయి. ఇక్కడే చిక్కు ఉంది. భయంకరమైన దృశ్యం ఎదురైనప్పుడు మనిషి నిర్ఘాంతపోయి ఒక్క క్షణం ఆగిపోతాడు, ఆ ఆగడాన్ని యంత్రం ఆసక్తిగా నమోదు చేసుకుంటుంది. ఫిర్యాదు దాఖలయ్యేలోపు ఆ వీడియోకు అనుకూలంగా ఎన్నో ఓట్లు పడి ఉంటాయి.

ఈ పరిస్థితితో భారత న్యాయస్థానాలకు తొలి ముఖాముఖి 2019లో జరిగింది. అశ్లీల వీడియోలు, పిల్లల భద్రత గురించిన పిటిషన్‌పై మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆ ఏడాది ఏప్రిల్ 3న టిక్‌టాక్ డౌన్‌లోడ్లను నిషేధించాలని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. నిబంధనలను ఉల్లంఘించిన 60 లక్షలకు పైగా వీడియోలను తొలగించామని సంస్థ చెప్పుకుంది. ఏప్రిల్ 24న కోర్టు షరతులతో నిషేధం ఎత్తివేసింది. ఎన్ని తీసివేశారన్న లెక్క చర్చకు వచ్చింది గాని, తీసివేసేలోపు వాటిని ఎవరికి, ఎందుకు చూపారన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

తొలగింపుల లెక్కలను జాగ్రత్తగా చదవాలి. 2019 రెండవ అర్ధభాగంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.92 కోట్ల వీడియోలను తొలగించినట్లు, అందులో 1.64 కోట్లు ఒక్క భారతదేశానివేనని, మొత్తం వీడియోల్లో ఇవి 1 శాతం లోపేనని టిక్‌టాక్ పారదర్శకతా నివేదిక ప్రకటించింది. తొలగించినవాటిలో 89.4 శాతం ఎవరూ చూడకముందే తీసివేశామని కూడా అది చెప్పింది. శాతాల్లో మెరుగ్గా కనిపించే ఈ వాక్యాన్నే సంఖ్యల్లోకి మారిస్తే, ఆరు నెలల్లో 52 లక్షలకు పైగా వీడియోలు జనం కంటపడిన తరువాతే తొలగాయని తేలుతుంది. కంటపడి కూడా తొలగకుండా మిగిలినవి ఏ లెక్కలోకీ రావు.

ఇలాంటి లెక్కల వెనుక ఉన్న శ్రమలో కొంత హైదరాబాదులోనే జరిగింది. ఫేస్‌బుక్ భారతదేశంలో తన తొలి కార్యాలయాన్ని 2010లో ఆ నగరంలోనే తెరిచింది. అక్కడ జెన్‌ప్యాక్ట్ అనే కాంట్రాక్టు సంస్థలో సుమారు 1,600 మంది ఫేస్‌బుక్ కోసం పనిచేస్తున్నారని 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించింది. ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు 2,000 పోస్టులు చూడవలసి వస్తోందని, జీతం రోజుకు 6 డాలర్లకు అటూఇటూ మాత్రమేనని ఉద్యోగులు చెప్పగా, సంస్థలు ఆ అంకెలతో విభేదించాయి. ఉద్యోగుల మాట ప్రకారం ఒక్కో పోస్టుకు దక్కేది సుమారు పదిహేను సెకన్లు. అంతలో మాట, యాస, వెటకారం, కులదూషణ అన్నీ పసిగట్టి తేల్చమనడం అన్యాయం. యంత్రాల సాయమూ అంతంతమాత్రమే. అధికారికంగా గుర్తించిన 22 భాషలున్న భారతదేశంలో తన కృత్రిమ మేధ వ్యవస్థలకు 5 భాషల్లోనే శిక్షణ ఇచ్చినట్లు ఫేస్‌బుక్ 2021లో చెప్పింది. ఒక భాషలో వీడియోను జనంలోకి నెట్టడానికి ఆ భాష తెలియనక్కరలేదు, చూసిన సమయం చాలు. దాన్ని ఆపడానికి మాత్రం భాష తెలిసి తీరాలి.

యంత్రాలకు మరొక పరిమితి ఉంది. తొలగించిన వీడియో మళ్లీ రాకుండా ఉండడానికి హ్యాష్ అనే డిజిటల్ వేలిముద్రను భద్రపరచి, కొత్తగా వచ్చేవాటిని దానితో పోలుస్తారు. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదులపై జరిగిన దాడి ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైనప్పుడు, మొదటి ఫిర్యాదు ప్రసారం ముగిసిన 12 నిమిషాలకు గాని అందలేదు. తొలి 24 గంటల్లో 15 లక్షల ప్రతులను తొలగించగా, వాటిలో 12 లక్షలను ఎక్కించే దశలోనే ఆపగలిగారు. కత్తిరించి, అంచులు చేర్చి మార్చిన రూపాలు 800కు పైగా బయటపడ్డాయి. 2020 సెప్టెంబరులో ఒక ఆత్మహత్య వీడియో టిక్‌టాక్‌లో వ్యాపించినప్పుడు, దాన్ని మామూలు వీడియోల మధ్యలో అతికించి ఫీడ్‌లోకి పంపారు. దాన్ని తెరవాలని ఎవరూ కోరుకోలేదు, తెర జరుపుతున్న పిల్లల ముందుకు అదే వచ్చింది.

ఫీడ్ ఎంపికను అదుపు చేయడం టిక్‌టాక్‌కు చేతకాని పని అయితే కొంత సానుభూతి చూపవచ్చు. కానీ వికలాంగుల వీడియోల వ్యాప్తిని పరిమితం చేయమని మోడరేటర్లకు సూచనలు ఉండేవని 2019 డిసెంబరులో జర్మన్ పత్రిక నెట్స్‌పొలిటిక్ బయటపెట్టింది. అందవిహీనులుగా, పేదలుగా కనిపించేవారి వీడియోలను ‘ఫర్ యూ’ పేజీకి దూరంగా ఉంచమన్న పత్రాలను 2020 మార్చిలో ది ఇంటర్‌సెప్ట్ ప్రచురించింది. వేధింపులను నివారించడానికే అలా చేశామని, ఆ నియమాలు ఇప్పుడు లేవని టిక్‌టాక్ వివరణ ఇచ్చింది. ఆ వివరణను ఒప్పుకున్నా ఒక విషయం స్థిరపడుతుంది: వీడియోను తొలగించకుండానే సిఫార్సు నుంచి తప్పించే మీట సంస్థ చేతిలో అప్పటికే ఉంది. పేదవారి పెచ్చులూడిన ఇంటిని కనబడకుండా చేయగల శ్రద్ధ, పసిపిల్లల ముందుకు వెళ్లే ప్రమాదాల మీద అదే పట్టుదలతో పనిచేయలేదు.

భారతదేశంలో టిక్‌టాక్ కథ 2020 జూన్ 29న ముగిసింది. అయితే 59 యాప్‌లను నిషేధించిన ఆ ఉత్తర్వు దేశ సార్వభౌమత్వం, భద్రతల పేరిట ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద వెలువడింది, మోడరేషన్‌పై విచారణ అందులో భాగం కాదు. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, మోజ్, జోష్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఆ ఖాళీలోకి వచ్చాయి. సంస్థలు మారాయి గాని ఫీడ్ పద్ధతి మారలేదు. 2021 ఐటీ నియమాలు ఫిర్యాదుల అధికారిని, గడువులను నిర్దేశించి, పాత పునాదినే మరింత గట్టిపరిచాయి. 2025 ఫిబ్రవరిలో రీల్స్ ఫీడ్‌లలోకి హింసాత్మక దృశ్యాలు వెల్లువెత్తినప్పుడు, సిఫార్సు చేయకూడనివాటిని పొరపాటున చూపామని ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా సంస్థ క్షమాపణ చెప్పింది. సిఫార్సు తనదేనన్న ఒప్పుకోలు ఆ వాక్యంలోనే ఉంది.

న్యాయశాస్త్రం ఆ దిశగా కదలడం ఇటీవలిదే. ఊపిరాడకుండా చేసుకునే ‘సవాలు’ వీడియోను టిక్‌టాక్ ఒక పదేళ్ల బాలికకు సిఫార్సు చేయగా, దాన్ని అనుకరిస్తూ ఆమె మరణించిందని తల్లి వేసిన దావాలో అమెరికా మూడవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2024 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. అల్గారిథం, అంటే ఎంపికను నడిపే గణన విధానం, చేసే సిఫార్సు సంస్థ సొంత అభివ్యక్తేనని, దానికి సెక్షన్ 230 రక్షణ వర్తించదని ఆ కోర్టు పేర్కొంది. భారత చట్టంలో ఇందుకు తగిన మాటలు ముందే ఉన్నాయి. 79వ సెక్షన్ రెండవ ఉపవిభాగం రక్షణకు పెట్టిన షరతుల్లో, మధ్యవర్తి తానుగా సమాచార ప్రసారాన్ని ప్రారంభించకూడదని, దాన్ని అందుకునేవారిని తాను ఎంపిక చేయకూడదని ఉంది. 2008 సవరణ నాటికి పొట్టి వీడియోల ఫీడ్‌లు పుట్టలేదు. ఏ వీడియో ఎవరికి అందాలో క్షణక్షణమూ తేల్చే సంస్థను ఈ షరతుకు ఎదురుగా నిలబెట్టడానికి కొత్త చట్టం కోసం వేచి ఉండనవసరం లేదు.