కాఫీ తోటలో రెండు పెంకు పురుగులు

తోటలో పురుగు కనబడితే మందు కొట్టమనే మాటే ముందు వస్తుంది. ఏ పురుగని అడిగేవారు తక్కువ. పాడేరు, అరకు కొండల్లో కాఫీ మీద బతికే మనం రెండు పెంకు పురుగుల చరిత్ర తెలుసుకోవాలి.

మొదటిది కాండం తొలిచే పురుగు. నల్లని సన్నటి ఒళ్లు, తెల్లని చారలు. ఎండ తగిలే కాండం మీద, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి దూరి నెలల తరబడి కొయ్యను తింటుంది. ఆకులు పసుపెక్కి చెట్టు వడిలేదాకా మనకు తెలియదు. అప్పుడిక పీకి కాల్చేయడమే. అరబికా కాఫీకి దీన్ని మించిన శత్రువు లేదు.

1860ల్లో కొడగులో తెల్లదొరలు అడవిని బోడిగా నరికి కాఫీ వేశారు. కొన్నేళ్లకే ఈ పురుగు తోటలకు తోటలను తినేసింది. మద్రాసు ప్రభుత్వం జార్జి బిడీ అనే డాక్టరును విచారణకు పంపింది. నీడ తీసేయడమే పెద్ద తప్పని, చెట్లు ఉండాలని 1869లో ఆయన నివేదిక ఇచ్చాడు. చెట్టు నరకొద్దని కొండ మనిషి అంటే వెనకబాటుతనం, దొర రాస్తే శాస్త్రం!

రెండోది అక్షింతల పురుగుల జాతి. కాఫీ మీది పచ్చ పొలుసు పురుగును తింటుందని 1898లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చారు. ఆ పని అంతగా చేయలేదు. కానీ దక్షిణాదిలో పిండినల్లిని తింటూ నిలిచిపోయింది. ఇప్పుడు గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచి, దాన్ని మేతగా వేసి ఈ పురుగులను పెంచి తోటల్లో వదులుతున్నారు. చిక్కేమిటంటే, దీని పిల్ల కూడా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తెలియక దాన్నే చంపేస్తాం. గుంపుగా అతుక్కుని కదలనట్టుంటే పిండినల్లి. పెద్దగా ఉండి, వాటి మధ్య చురుగ్గా తిరిగేది మన పక్షం. ఎదిగాక నల్లని రెక్కలు, నారింజ రంగు తల.

మన సిల్వర్ ఓక్ కాఫీకి నీడ, మిరియం తీగకు ఆధారం. కలప బేరగాడు వస్తే దుంగ ధర ఒక్కటే లెక్కేయకండి. అది పోతే ఎన్ని కాఫీ మొక్కల కాండాలకు ఎండ తగులుతుందో కూడా చూడండి. ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ చారల పురుగు ఎగురుతుంది. అంతకుముందే కాండం మీది వదులు బెరడును కొబ్బరిపీచుతో రుద్దేస్తే గుడ్లు పెట్టే చోటు తగ్గుతుంది.