బండి ఎవరి పేరు మీద ఉందమ్మా?

మొన్న ఊరి నుంచి వస్తుంటే మా కారు డివైడర్‌కి గుద్దుకుంది. నడుపుతున్నది నేనే. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. బంపరు ఊడింది, ముందు అద్దం బీటలు వారింది, ఓ పక్క డోరు సొట్టపడింది. మర్నాడు షెడ్డుకొచ్చిన సర్వేయర్ ఫొటోలు తీసుకుని, నా లైసెన్సు చూసి, "బండి ఎవరి పేరు మీద ఉందమ్మా?" అని అడిగాడు. "మావారి పేరు మీద" అన్నాను. రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక బీరువాలోంచి పాలసీ కాగితాలు తీశాను. ఏళ్ళ తరబడి ప్రీమియం కడుతున్నాం గానీ, చదవడం అదే మొదటిసారి. చదువుతుంటే ఒక సంగతి అర్థమైంది. అందులో ఒక్కో లైను ఒక్కో కాలంలో వచ్చి చేరింది. ఎవరి నష్టాన్ని నష్టంగా లెక్కపెట్టాలి అన్న ప్రశ్నకి ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది.

మొట్టమొదట లెక్కలోకి వచ్చింది మనం కాదు, దారిన పోయే మనిషి. "థర్డ్ పార్టీ" అంటే అదే. మొదటివారు బండి యజమాని, రెండోవారు కంపెనీ, మూడోవారు ఆ బండి కింద పడిన ముక్కూమొహం తెలియని మనిషి. గుద్దినవాడి దగ్గర చిల్లిగవ్వ లేకపోతే దెబ్బ తిన్నవాళ్ళ గతేమిటి? అందుకే బ్రిటన్‌లో 1930 చట్టంతో ఈ బీమా తప్పనిసరి చేశారు. మనకి 1939 మోటారు వాహనాల చట్టంలో ఆ అధ్యాయం రాశారు గానీ, అది అమల్లోకి వచ్చింది 1946 జులై 1న.

బీమా వచ్చినా డబ్బు చేతికి రావాలంటే కోర్టు ఫీజు కట్టి సివిల్ దావా వేయాలి. కూలికి పోయే మనిషి చనిపోతే ఆ ఇల్లాలు ఎక్కడ తిరుగుతుంది? 1956 సవరణతో ఇలాంటి కేసుల కోసం ప్రత్యేకంగా ట్రిబ్యునళ్ళు పెట్టే వీలు కల్పించారు. 1982లో ఇంకో అడుగు పడింది. తప్పెవరిదో తేలకపోయినా మనిషి పోతే 15,000 రూపాయలు ఇవ్వాలన్నారు. ఇప్పుడున్న 1988 చట్టంలో అది 25,000 అయింది, 1994లో 50,000 అయింది.

ఇదంతా బయటివాళ్ళ కోసం. మన బండికి, మనకి ఏమొస్తుందన్నది పాలసీలో రెండో భాగం. దాని రూపురేఖలు చాలావరకు 2002 నాటి మోటారు టారిఫ్‌లోవి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు, అద్దాలకు తరుగు తీయరు, లోహపు భాగాలకు బండి వయసును బట్టి కోస్తారు. మా బంపరుకు సగమే వచ్చి, అద్దానికి మొత్తం ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. చిన్న కారైతే ప్రతి క్లెయిములోనూ మొదటి వెయ్యి రూపాయలు మనవే. క్లెయిము చేశాం కాబట్టి ఇన్నేళ్ళు కూడబెట్టిన నో క్లెయిమ్ బోనసూ పోయింది. తరుగు కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ మేం తీసుకోలేదు. సరే, అవన్నీ డబ్బులతో పోయేవి.

అసలు లైను తర్వాత ఉంది. "ఓనర్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా". ఇది కూడా 2002లోనే తప్పనిసరి అయింది. అప్పట్లో స్కూటరుకు లక్ష, కారుకు రెండు లక్షలు. ఆ సొమ్ము ఏ మూలకి సరిపోతుందని మద్రాసు హైకోర్టు నిలదీశాక, మన హైదరాబాద్‌లోనే ఆఫీసున్న ఐఆర్‌డీఏఐ 2018 సెప్టెంబరులో దాన్ని 15 లక్షలకు పెంచింది. బాగానే ఉంది. కానీ పాలసీలో రాసిన ప్రకారం అది బండి ఎవరి పేరున రిజిస్టరై ఉందో, లైసెన్సు ఎవరికుందో, ఆ ఒక్క మనిషికి. స్టీరింగు పట్టుకున్న వాళ్ళకి కాదు.

ఆ రోజు నాకు ఏమైనా అయ్యుంటే? నేను థర్డ్ పార్టీని కాను. యజమాని బండి అడిగి తీసుకుని నడిపేవాళ్ళు యజమాని స్థానంలో ఉన్నట్టేనని, ఆ బండి బీమా మీద మూడో మనిషిలా క్లెయిము చేయలేరని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. 2020లో మాత్రం ఒక కేసులో, యజమాని స్థానంలో ఉన్నట్టే లెక్క కదా అని, చనిపోయిన మనిషి కుటుంబానికి ఓనర్ కింద రావలసిన లక్ష ఇప్పించింది. దాని కోసం వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

పక్క సీట్లో కూర్చుంటే సంగతి వేరు. ప్యాకేజీ పాలసీ ఉంటే కారులో కూర్చున్నవాళ్ళూ దాని కిందికే వస్తారని 2009 నవంబరులో ఐఆర్‌డీఏ స్పష్టం చేసింది. వట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే ఆ భరోసా లేదు. ప్రీమియం తగ్గుతుందని అదే తీసుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

ఇంతకీ ఇల్లాలు పోతే ఎంత ఇవ్వాలి? ఈ లెక్క చదివినప్పుడు మనసు చివుక్కుమంది. 1994లో చట్టానికి చేర్చిన పట్టికలో సంపాదన లేని భార్య విలువ, భర్త ఆదాయంలో మూడో వంతు. 2001లో సుప్రీంకోర్టు ఒక కేసులో గృహిణి సేవలకు నెలకు 3,000 కట్టింది. 2010లో ఇంకో తీర్పులో, జనాభా లెక్కల్లో గృహిణుల్ని భిచ్చగాళ్ళు, ఖైదీలతో కలిపి పని చేయనివారి జాబితాలో వేయడాన్ని జస్టిస్ గంగూలీ తప్పుపట్టారు. 2021 జనవరిలో మన కృష్ణా జిల్లాకి చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ, 2019 నాటి ప్రభుత్వ సర్వే లెక్కలు తీసి చూపించారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు పెడుతున్నది 97 నిమిషాలు.

2024 ఫిబ్రవరి తీర్పు ఇంకా మనసుకు తగిలేది. ఉత్తరాఖండ్‌లో 2006లో కారు ప్రమాదంలో ఒక ఇల్లాలు చనిపోయింది. ట్రిబ్యునల్ రెండున్నర లక్షలు ఇచ్చింది, హైకోర్టు అది చాలంది. గృహిణి ఆదాయాన్ని దినకూలీ కన్నా తక్కువగా ఎలా లెక్కిస్తారని సుప్రీంకోర్టు అడిగి, ఆరు లక్షలు ఇమ్మంది. ఇక్కడ ఇంకో మాట ఉంది. ఆ కారుకు ఇన్సూరెన్సే లేదు. కాబట్టి కట్టవలసింది కంపెనీ కాదు, యజమానే. పద్దెనిమిదేళ్ళ తర్వాత!

కోర్టులు ఇంత దూరం వచ్చాయి. మన బీరువాలో కాగితం మాత్రం అక్కడే ఉంది. ఎందుకంటే అందులో నా పేరు లేదు. పేరు రాసి ఇస్తే కుటుంబ సభ్యులకి కూడా వ్యక్తిగత ప్రమాద బీమా చేర్చుకోవచ్చు, అందుకు కొంచెం అదనంగా కట్టాలి, అంతే. ఆ గడి మా పాలసీలో ఖాళీగా ఉంది. ఏజెంటు అడగలేదు, మావారికి తట్టలేదు, నేను చదవలేదు.

మావారికి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెన్యువల్ దాకా ఆగడమెందుకు, రేపే ఫోన్ చేద్దాం" అన్నారు.

మీరు కూడా ఈ పూట వంట ముగిశాక మీ పాలసీ తీయండి. ప్యాకేజీయా, వట్టి థర్డ్ పార్టీయా? బండి ఎవరి పేరు మీద ఉంది? నడిపేది మీరైతే మీ పేరు ఎక్కడైనా రాసి ఉందా? ఈ మూడూ చూడండి. సర్వేయర్ వచ్చి అడిగేదాకా ఆగకండి.